మెల్లగా పాడేవాళ్ల కోసం

ముస్లింల పాట అనగానే వరంగల్లో ఎవరికైనా గుర్తొచ్చేది కాజీపేట దర్గా ఉర్సు, మైకుల్లో మోగే ఖవ్వాలీ. మా ఇళ్లల్లో ఆడవాళ్లూ పాడతారని చాలామందికి తెలీదు. పెళ్లికి ముందు రాత్రుళ్లు తలుపులేసుకుని, ఢోలక్ ముందు కూచుని మా అమ్మీలు, ఖాలాలు పాడే పాటలు గోడ దాటవు. దాటకూడదనే పాడతారు. పరాయి మగాళ్ల చెవిన పడొద్దని చిన్నప్పట్నుంచీ అణచుకున్న గొంతులు ముసలితనంలోనూ మెల్లగానే వస్తాయి.

వియ్యపురాలిని ఏడిపించే ఆ పాటలు దక్కనీలో ఉంటాయి. లక్నో వాళ్లు విని నవ్వే ఉర్దూ అది. మీరు ‘తురకం’ అనే ఉర్దూ కూడా అదే. పాడేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అందుకే మేం ఇంట్లోనే రికార్డు చేయడానికి పూనుకున్నాం. అక్కడే ప్రీయాంప్ సమస్య ఎదురైంది.

మైకు నుంచి వచ్చేది మిల్లీవోల్టుల లెక్క. దాన్ని రికార్డుకు సరిపోయేంత పెంచేదే ప్రీయాంప్. 60 డెసిబెల్స్ పెంచడమంటే వోల్టేజీని 1000 రెట్లు చేయడం. గొంతెత్తి పాడే ఖవ్వాలుకు ఏ పెట్టె అయినా చాలు. మెల్లగా పాడే ఖాలా దగ్గరే పెట్టెల బండారం బయటపడుతుంది.

కండెన్సర్ మైకుకు 48 వోల్టులు అందిస్తే అదే ఎక్కువ సిగ్నల్ ఇస్తుంది. కానీ ఫ్యానునూ, కాజీపేట జంక్షన్ రైలు కూతనూ కూడా అంతే ప్రేమగా పట్టుకుంటుంది. నోటి దగ్గర పెట్టే డైనమిక్ మైకు ఇంటికి నయం, కాకపోతే దానికి గేన్ ఎక్కువ కావాలి. షూర్ ఎస్‌ఎం7బి మైకుకు కనీసం 60 డెసిబెల్స్ కావాలని కంపెనీయే చెబుతుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరం పెట్టె ఇచ్చేది 56, నాలుగో తరం ఇచ్చేది 69. మెల్లని గొంతుకు ఆ 13 డెసిబెల్సే ప్రాణం.

మూడు పెట్టెలు అరువు తెచ్చి పోల్చి చూశాం. ఒక మనిషి ఒకే పాటను రెండుసార్లు ఒకేలా పాడదు. అందుకని ఒకే మైకు సిగ్నల్‌ను చీల్చి రెండేసి పెట్టెలకు ఒకేసారి పంపాం. తర్వాత ధ్వని స్థాయిలు సమం చేశాం, ఎందుకంటే కాస్త గట్టిగా వినపడేదే మన చెవికి మంచిదనిపిస్తుంది. పేర్లు దాచి విన్నాం. మామూలు గేన్‌లో ఏది ఏదో మాలో ఎవరూ చెప్పలేకపోయారు. గేన్ చివరికంటా తిప్పినప్పుడే ఒకదాంట్లో ‘సుస్స్’ మనే చప్పుడు లేచింది.

ఆ చప్పుడు ముందుగా మింగేది ఊపిరి రాపిడితో పుట్టే బలహీనమైన శబ్దాల్ని. ఉర్దూలోని ఫ, ఖ అలాంటివే. ఉర్దూలో ‘ఖాఫ్’తో రాసే కాజీని మేం గొంతు గీరే ‘ఖ’తో పలుకుతాం. మీ కాజీపేట మా నోట ఖాజీపేట్. ఆ గీరుడుకు తెలుగు లిపిలో అచ్చంగా ఒక అక్షరం లేదు, ఉర్దూ పండితులేమో దాన్ని తప్పంటారు. చివరికి యంత్రమూ దాన్ని తినేస్తే ‘ఖాలా’ కాస్తా ‘కాలా’ అయి కూచుంటుంది. తల్లి తోబుట్టువు నల్లరంగుగా మిగులుతుంది.

ట్యూబు పెట్టెలు, 1970లో వచ్చిన నీవ్ 1073 లాంటి ట్రాన్స్‌ఫార్మర్ ప్రీయాంపులు గొంతుకు ‘వెచ్చదనం’ ఇస్తాయని పేరు. సినిమా పాటకు అది అందమే కావచ్చు. మాకు కావాల్సింది ఖాలా ఎలా పలికిందో అలాగే మిగలడం. అందుకే గేన్ ఎక్కువా, సొద తక్కువా ఉన్న సాదా పెట్టెనే ఉంచుకున్నాం.

రికార్డు విని ఖాలా అడిగిన మొదటి ప్రశ్న: ‘‘ఇది ఎవరెవరు వింటారు బేటా?’’

దానికి జవాబు ఏ పెట్టెలోనూ లేదు. లోకానికి వినిపిస్తేనే మా ఉనికి తెలుస్తుందని మాలో కొందరం వాదించాం. ‘‘మన ఆడపిల్లలకు నేర్పండి. బజార్లో పెట్టొద్దు’’ అంది ఆమె. ఆ గొంతు ఆమెది. ఇప్పటికి 11 పాటలయ్యాయి. వాటిని మా ఇంటి ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు. మిగతావాళ్లకు వినిపించాలా వద్దా అన్నది తేల్చాల్సింది ఆమే.