నాన్నగారి నాలుగు నిమిషాలు

గోదావరి పుష్కరాలు మళ్ళీ 2027లో వస్తున్నాయి. మా రాజమహేంద్రవరంలో అయితే అప్పుడే కబుర్లు మొదలయ్యాయి. ఏ రేవులో మునగాలి, ఎంతమంది చుట్టాలు దిగుతారు, ఎన్ని పరుపులు కావాలి అని. ఈసారి ప్రతివాళ్ళ చేతిలోనూ ఫోనుంటుంది కనుక వీడియోలకి కొదవుండదు. నేను చెప్పబోయేది మాత్రం రాబోయే వీడియోల గురించి కాదండీ. మీ బీరువా పై అరలోనో, పిల్లలు వాడి వదిలేసిన కంప్యూటర్లోనో పడున్న పాతవాటి గురించి. అవి ఎంత పెద్ద ఫైళ్ళంటే దూరాన ఉన్న మనవాళ్ళకి పంపుదామంటే కదలవు. పైసా ఖర్చు లేకుండా వాటిని ఇంట్లోనే చిన్నవి చేసుకోవచ్చు. ఇంటర్‌తో చదువు ఆపేసిన నాకు వచ్చిందంటే మీకు రాకపోదు.

2003 పుష్కరాలకి మా బాబాయి హ్యాండీక్యామ్ తెచ్చాడు. అరచేతిలో పట్టే మినీ డీవీ క్యాసెట్టు, గంటసేపు వస్తుంది. అందులో మా నాన్నగారు కోటిలింగాల రేవులో తాతగారికి పిండప్రదానం చేసి లేచి, మూడేళ్ళ మా అబ్బాయిని చంకనేసుకుని నీళ్ళలోకి దిగుతారు. మూడు మునకలు వేయించి, "ఒరేయ్ చిన్నోడా, తువ్వాలు పట్రారా, వీడు వణికిపోతున్నాడు" అని గట్టున ఉన్న మా తమ్ముణ్ణి కేకేస్తారు. అంతా కలిపి నాలుగు నిమిషాలు. నాన్నగారు కిందటేడు కాలం చేశారు. కువైట్‌లో ఉన్న తమ్ముడు సమయానికి రాలేకపోయాడు. ఫొటోలకేం, బోలెడున్నాయి. ఆయన గొంతు మాత్రం ఆ క్యాసెట్టులో తప్ప ఇంకెక్కడా లేదు. "అక్కా, సంవత్సరీకం లోపల ఒక్కసారి నాన్న మాట వినిపించవే" అన్నాడు వాడు ఫోనులో. అదీ అసలు సంగతి.

బాబాయి ముందుచూపున్న మనిషి. ఆ క్యాసెట్టుని ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించి ఉంచాడు. మీ ఇంట్లో పెళ్ళినాటి పెద్ద వీడియో క్యాసెట్లుంటే మటుకు ఆలస్యం చెయ్యకండి. వీసీఆర్లు తయారుచేస్తూ చివరిదాకా మిగిలిన జపాను కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో వాటిని ఆపేసింది. మన తేమకి టేపు బూజు పడుతుంది. మార్చిపెట్టేవాళ్ళు ఊళ్ళో ఉన్నప్పుడే మార్పించుకోవాలి.

ఇంతకీ మినీ డీవీ క్యాసెట్టు నుంచి ఉన్నదున్నట్టు ఎక్కించుకుంటే గంటకి సుమారు 13 జి.బి. అవుతుంది. ఆ లెక్కన నాన్నగారి నాలుగు నిమిషాలే దాదాపు 870 ఎం.బి. తమ్ముడుండేది నలుగురు కలిసి ఒకే నెట్టు పంచుకునే గదిలో. మా బాబాయి కొడుకు సాయం చేద్దామని ఏదో ఉచిత యాప్ ఫోనులో దించి, దాన్ని చిన్నది చేసి పంపాడు. వాడికి చేరింది చూస్తే నీళ్ళు గళ్ళు గళ్ళుగా, మొహం మాడిన అట్టులా, పైగా నాన్నగారి నుదుటి మీదే ఆ యాప్ పేరు! "ఇదెవరక్కా?" అని అడిగాడు వాడు. నాకు కడుపులో దేవినట్టయింది.

అలా ఎందుకయిందో మా అబ్బాయిని కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. వీడియో అంటే సెకనుకి 25 బొమ్మలు. వాటిని కుదించేటప్పుడు ప్రతి బొమ్మనీ పూర్తిగా రాయరట. మొదటిది పూర్తిగా రాసి, ఆ తర్వాత ఏది మారిందో అదే రాస్తారట. గోడముందు కూర్చున్న మనిషయితే పెదవులు కదులుతాయి, గోడ కదలదు. కనుక బాగా కుదురుతుంది. అదే గోదావరి అలలయితే ప్రతి చుక్కా ప్రతి క్షణం మారుతుంది. తలంబ్రాలు పోసుకునేటప్పుడూ అంతే. అక్కడ గట్టిగా నొక్కేస్తే గళ్ళు పడతాయి. మన ఇళ్ళ వీడియోల్లో మనం అపురూపంగా చూసుకునే ఘట్టాలు అవే కావడం మన ప్రారబ్ధం! అందుకే ఎంత నొక్కాలో యాప్ ఇష్టానికి వదలకుండా మనమే చెప్పాలి.

దానికి నేను వాడింది హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్. పేరు వినగానే మావారు కారు సామాననుకున్నారు. గుర్తేమో అనాసపండు, పక్కన ఓ గ్లాసు! పూర్తిగా ఉచితం, వీడియో మీద తన పేరు వేసుకోదు. ఫోనులో పని చెయ్యదు, కంప్యూటరు కావాలి. హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్ఆర్ అనే సొంత సైటు నుంచే దించుకోండి, అలాంటి పేర్లతో ఉండే వేరేవాటి జోలికి పోకండి.

తెరిచి మీ ఫైలు చూపించగానే ప్రీసెట్ అడుగుతుంది. మన పాత క్యామెరాల వాటికి ఫాస్ట్ 576పి25 సరిపోతుంది. ఇప్పటి ఫోను వీడియోలకయితే 720పి చాలు. రేంజ్ దగ్గర సెకండ్స్ ఎంచుకుని ఎక్కడినుంచి ఎక్కడిదాకా కావాలో అంకెలు వేస్తే ఆ ముక్కే వస్తుంది. పాత టేపుల్లో మనిషి కదిలినప్పుడు దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తాయి చూడండి, అది పోవడానికి ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్ దగ్గర డీకోమ్ పెట్టాలి. ఇక అసలైనది వీడియో పేజీలో ఉండే క్వాలిటీ మీట. ఇక్కడ లెక్క తిరగేసి ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైలు పెరుగుతుంది. పాత వీడియోలకి 18 నుంచి 22 మధ్య మంచిది. నీళ్ళున్నాయి కదా అని నేను 20 పెట్టాను. కుదించే పద్ధతి హెచ్ 264 ఉంచుకోండి. 265 అయితే ఇంకా చిన్నదవుతుంది గానీ పాత ఫోన్లూ టీవీలూ కొన్ని దాన్ని ఆడించవు.

పప్పు పొయ్యి మీద పెట్టి స్టార్ట్ నొక్కాను. పప్పు ఉడికేలోపు అయిపోయింది. 870 ఎం.బి.ది 60 ఎం.బి. అయింది! నాన్నగారి మెడలో రుద్రాక్షలు కూడా లెక్కపెట్టచ్చు.

ఇక్కడో మాట. పాలు మరిగించి కోవా చేస్తే ఆ కోవాని మళ్ళీ పాలు చెయ్యలేం కదా, ఇదీ అంతే. చిన్నదయిన ఫైలు మళ్ళీ పెద్దది కాదు. హ్యాండ్‌బ్రేక్ అసలు దాన్ని ముట్టుకోదు, కొత్తది విడిగా రాస్తుంది. చోటు కలిసొస్తుందని మీరు మాత్రం అసలు దాన్ని తుడిచెయ్యకండి. మా ఇంట్లో ఒకటి, బాబాయి ఇంట్లో ఒకటి ఉంచాం.

పంపడం దగ్గర కూడా చిన్న కిటుకుంది. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది ఇంకోసారి కుదిస్తుంది. డాక్యుమెంటుగా జత చేస్తే ఉన్నదున్నట్టు వెళుతుంది, 2022 నుంచి 2 జి.బి. దాకా పోతుంది. జీమెయిల్‌లో అయితే 25 ఎం.బి. దాటితే డ్రైవ్ లింకుగా మారుతుంది. యూట్యూబులో పెట్టదలుచుకుంటే పబ్లిక్ అని కాకుండా అన్‌లిస్టెడ్ అని పెట్టండి. లింకు ఉన్నవాళ్ళకే కనిపిస్తుంది. రేవుల్లో తీసిన వీడియోల్లో తడిబట్టలతో ఉన్న పరాయి ఆడవాళ్ళుంటారు. వాళ్ళని ఊరందరికీ చూపించే హక్కు మనకెక్కడిది? నేనయితే ఆ ముక్కలు రేంజ్‌లోనే వదిలేశాను.

ఇంతకీ తమ్ముడికి ఆ రాత్రే చేరింది. గంటసేపు ఫోను లేదు. ఆ తర్వాత చేసి, "అక్కా, తువ్వాలు నేనివ్వలేదే, అమ్మ ఇచ్చింది. నేను బజ్జీల బండి దగ్గరున్నాను" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. అమ్మని అడిగితే ఔనంది. వాడికిప్పుడు బజ్జీల బండి ఎక్కడైనా పడిందేమో చూడాలిట. మిగిలిన యాభై ఆరు నిమిషాలూ పంపమంటున్నాడు. ఆదివారం కూర్చుంటాను.