బాటమీది వంటయిల్లు

మేము నివసించునది దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరము. నేనును నా భార్యయు ఇచ్చటికి వచ్చి పదునాలుగేండ్లు గడచినవి. మా యింట వంటయిల్లు వెనుకవైపున నున్నది. అందేమి జరుగుచున్నదో ముందుగదిలో కూర్చున్నవానికి తెలియదు. తెలిసికొనవలయునని నాకు తోచనూ లేదు. స్త్రీపురుష సమత్వమును గూర్చి మాత్రము తెలుగువారి సభలలో రెండు పర్యాయములు మాటలాడియున్నాను. రెండు పర్యాయములును చప్పట్లు బాగుగనే మ్రోగినవి.

2024 జూలైలో, పిల్లలకు శీతకాలపు సెలవులు వచ్చినపుడు, ఒకరు వాడి విడిచిన క్యాంపర్ ట్రైలర్‌ను కొంటిని. చూడనివారికొరకు చెప్పెదను. అది కారువెనుక తగిలించి లాగికొనిపోవు రెండుచక్రముల బండి. మడత విప్పినచో గుడారము పైకి లేచి అందరకు పడకయగును. ప్రక్కనున్న అరను లాగినచో గ్యాసు పొయ్యి, గిన్నెలు కడుగు తొట్టి, కూరలు తరుగుకొను బల్ల, అన్నియు బయటకు వచ్చును. అడుగున 80 లీటర్ల నీళ్ల తొట్టి. ఇవిగాక, ఆపద వచ్చినపుడు పనికివచ్చుటకై ఇరువది లీటర్ల డబ్బా యొకటి. ఆ వంటయిల్లునకు గోడలు లేవు. ముంగిలియే అది. దారినిపోవు ప్రతివానికిని అందెవరు నిలువబడియున్నారో, ఎవరు కుర్చీలో కూర్చుండియున్నారో కనబడుచుండును.

ప్రయాణమునకు మేమైదుగురము. నేను, నా భార్య, పదునొకండేండ్ల కూతురు, ఏడేండ్ల కొడుకు, కనిగిరి ప్రాంతమునుండి మమ్ము చూడవచ్చిన మా అమ్మ.

పోవునప్పటి కథలో విశేషమేమియు లేదు. స్టూవర్టు రహదారి చక్కని తారుబాట. మూడేసి బండ్లను వరుసగా తగిలించుకొని వచ్చు పెద్ద లారీలు ఎదురుపడినపుడు గుండె యొకసారి ఝల్లుమనుటయే గాని వేరు కష్టము లేదు. ఉలూరు చూచితిమి. ఆ కొండను 1985లో ప్రభుత్వము అనంగు ప్రజలకు తిరిగి యప్పగించినది. 2019 అక్టోబరునుండి దానిపై కెక్కుట మానిపించినారు. ఆ సంగతి చెప్పగా మా అమ్మ, "గుడిగోపురం ఎవరు ఎక్కుతారురా?" అని ఊరకున్నది.

మొదటి నాలుగు సాయంకాలములును ఒక్క తీరుననే గడచినవి. బండి నిలుపగానే నేను పొరుగు గుడారముల మగవారితో చక్రములలో గాలి యెంత యుండవలెనను మహాచర్చలో మునుగుచుంటిని. నా భార్య అర లాగి పొయ్యి వెలిగించుచుండెను. ఆ చలిలో చేతులు కొంకర్లు పోవుచుండగా గిన్నెలు కడుగుచుండెను. అయిదవనాడు మా ప్రక్కన దిగిన యొక ముసలి దంపతులలో భర్త పళ్లెములు కడుగుచుండగా భార్య దీపము దగ్గర పుస్తకము చదువుకొనుచుండెను. మా అమ్మాయి వారిని చూచి, నన్ను చూచి, "నాన్నా, మన బండికి ఆ పద్ధతి లేదా?" అని యడిగినది. ఆ దేశపు మగవారందరు అట్టివారేయని నేననను. రెండు గుడారముల కావల మరియొకడు కాళ్లు చాచి కూర్చుండి తేనీటికై కేకలు వేయుచునే యున్నాడు. కాని మా అమ్మాయి వానిని చూడలేదు.

తిరుగుప్రయాణమున, మార్లా యను చోట తారుబాటను విడిచి, ఊడ్నదత్తా బాటను పట్టుదమని నేనే పట్టుపట్టితిని. అది మార్లానుండి మారీ వరకు 600 కిలోమీటర్లకు పైబడిన మట్టి, గులకరాళ్ల దారి. పాత ఘాన్ రైలుమార్గము, 1872లో ముగిసిన ఖండాంతర తంతిమార్గము ఆ వెంటనే పోయినవి. చరిత్ర చూడవచ్చునని పైకి చెప్పితినిగాని, మట్టిబాటలో బండి లాగితినని తరువాత చెప్పుకొనవలెనను కోరికయే లోపలి కారణము.

మార్లాలో ఉదయము కుళాయియొద్ద నలుగురు వరుసలో నిలిచియుండిరి. తొట్టి నింపుటకే చాలసేపు పట్టెను. డబ్బా నింపక దానిని తిరిగి పడక క్రిందికి త్రోసి పైన కంబళి కప్పితిని. బయలుదేరునపుడు నా భార్య గుడారము మడచుచు, "డబ్బా నింపారా?" అని యడిగెను. ఆమె యడిగినది నలుగురి యెదుట. అది నాకు కొంచెము చిన్నతనముగా తోచెను. "నింపాను" అంటిని.

ఇంతకంటె చిన్న యబద్ధము లోకమున నుండదు. ఇట్టివి నా సంసారములో నెన్ని చెప్పియుంటినో లెక్కలేదు. బిల్లు కట్టితిననియు, వైద్యునకు ఫోను చేసితిననియు, తలుపు వేసితిననియు. ఇంట నయినచో వాటి వెనుక నామె పోయి ఆ పనిని చేసివేయుచుండును. నా మాట నిజమైపోవుచుండును.

ఊడ్నదత్తా దాటి సుమారు ఏబది కిలోమీటర్లు పోయినపిమ్మట నీల్సు నదిపై ఆల్జిబకినా వంతెన వచ్చును. 1892లో కట్టిన ఇనుప వంతెన. పొడవు 578 మీటర్లు. 1980లో ఆ మార్గము మూయబడినది మొదలు రైలు నడువక, ఎండకు ఎఱ్ఱబారి, ఎవరికొరకో కాచుకొనియున్నట్లుండును. క్రింద మడుగొకటి కలదు. ఆ గట్టున దిగితిమి. ప్రొద్దు వాలుచుండెను. నా భార్య అర లాగి పంపు త్రిప్పినది. పంపు గరగరమన్నదేగాని చుక్క రాలేదు.

వంగి చూచితిని. దారిలో లేచిన రాయి తొట్టి క్రింది గొట్టమునకు తగిలి దానిని విఱిచినది. ఎన్ని కిలోమీటర్ల వెనుక విఱిగినదో, 80 లీటర్లును ఎఱ్ఱమట్టిలో ఇంకిపోయినవి. "పోనీండి, డబ్బా ఉందిగా" అని నా భార్య కంబళి తీసి దానిని పట్టి లాగినది. బరువైనదను తలంపుతో బలముగా లాగుటచే ఆ ఖాళీ డబ్బా ఎగిరి ఆమె మోకాలికి తగిలెను.

అప్పుడైనను నిజము చెప్పవలసినది. "ఇదికూడా కారిపోయినట్లుంది" అంటిని. మా అమ్మాయి దానిని తలక్రిందులు చేసి చూచి, "మూత గట్టిగానే ఉంది నాన్నా. కంబళీ తడవలేదు" అన్నది. పిల్లలకు పరిశీలన నేర్పవలెనని నేనే పుస్తకములు కొని యిచ్చితిని.

మా యొద్ద నున్నవి సీసాలలోని మూడు లీటర్లు. ఊడ్నదత్తాకు తిరిగిపోదమన్న, చీకటిలో ఆ దారిని ఆవులు, కంగారూలు అడ్డువచ్చును. రాత్రి నడుపుట ప్రమాదము. ప్రాణముల మీదికి వచ్చినదని చెప్పి కథను పెంచను. అది చలికాలము, మఱునాడు ఎవరో యొకరు ఆ బాటను రాకపోరు. అయినను, పిల్లవాడు దాహమన్నపుడు మూత త్రిప్పి కొలిచి పోయుచున్న తల్లి చేతిని చూచుట నావంటివానికి చాలును.

నా భార్య నన్నొక్క మాటయు అనలేదు. మా అమ్మ కుర్చీలో కూర్చుండి చాలసేపు ఆ వంతెనవైపు చూచినది. తుదకు, నాతో గాక గాలితో చెప్పినట్లు, "నీళ్లు మోసినవాడు కాళీ బిందెను నిండిందని చెప్పడు" అన్నది.

మా అమ్మ పుట్టిన యూరు కనిగిరికి దగ్గర. అచ్చటి బావులలోని నీటిలో ఫ్లోరైడు మెండు. త్రాగినవారికి పండ్లు గారపట్టును, కాలక్రమమున ఎముకలు వంగును. మంచినీళ్లకై ఆమెయు, ఆమె అక్కలును తెల్లవారకమున్ను మైలుదూరము నడచెడివారు. ఇంటి మగవారికి బిందె నిండియుండుట తెలియునుగాని అది యెట్లు నిండినదో తెలియదు. ఆ సంగతులన్నియు నేను చిన్ననాటినుండి వినియున్నవే. విని, వానిని మా అమ్మ కష్టములుగా లెక్కించితినిగాని, ఆ మగవారిలో నేనొకడనని యెన్నడు ననుకొనలేదు.

ఆ ముసలి దంపతులును ఆ రాత్రి ఆ గట్టుననే దిగిరి. మా అవస్థ విని, ఆమె యొక చిన్న పుస్తకము తెఱచి చూచి, "మాకు నలువది లీటర్లున్నవి. పది మీకు" అని కొలిచి యిచ్చినది. నీటి లెక్క దినదినమును వ్రాసికొనుచుండునట. అప్పుడు మా అమ్మ లేచినది. ఒక్క గ్లాసు నీళ్లతో బియ్యము కడిగినది. ఆ కడుగునీటితోనే గరిటెలు కడిగినది. ఎసరు వ్రేలితో కొలిచినది. కూరలేదు. వేడియన్నములో గోంగూర పచ్చడి కలుపుకొని తింటిమి. ఆ ముసలివారికిని పెట్టితిమి. పచ్చడి ఘాటునకు ఆయన కన్నీళ్లు తుడుచుకొనుచునే మఱికొంచె మడిగెను.

పిల్లలు నిద్రించినపిమ్మట నా భార్యతో, "మార్లాలో డబ్బా నింపలేదు" అని చెప్పితిని. "తెలుసు" అన్నది. మఱల కొంతసేపటికి, "నింపలేదని అక్కడే చెప్పివుంటే నేను నింపేదాన్ని. అదే కదా ఎప్పుడూ" అన్నది. కోపముతో నన్నచో దానికి సమాధానము చెప్పగలిగియుందును. ఆమె కోపముతో అనలేదు.

తెల్లవారినపిమ్మట ఆమె తాళములకై చేయి చాచి, "ఇవాళ నేను నడుపుతాను" అన్నది. ఆమెకు కారు నడుపుట పదేండ్లుగా తెలియును. ట్రైలర్ తగిలించినపుడు మాత్రము నేనే నడుపవలెనని యొక శాసనము మా యింట నుండెను. దానిని చేసినది నేనే, కారణ మడిగినవారు లేరు. మా అమ్మ ముందుసీటులో కూర్చున్నది. నేను వెనుక పిల్లల నడుమ నొదిగితిని. విలియం క్రీకులో తొట్టి గొట్టమునకు రబ్బరు కట్టి నీళ్లు నింపితిమి. కుళాయియొద్ద నేను నిలిచియున్నంతసేపును మా అమ్మాయి ప్రక్కనే నిలిచి డబ్బామూత తానే బిగించినది. ఆ దినమున ఐర్ సరస్సు దక్షిణభాగమును, సముద్రమట్టమునకు తక్కువయైన ఆ తెల్లని ఉప్పుమైదానమును, బాటనుండియే చూచితిమి. అది అరబానా ప్రజల కటితాండా. 2012లో న్యాయస్థానము వారి హక్కును గుర్తించినది. భూమిలోనుండి నీళ్లు తమంతట తామే ఉబికి పైకివచ్చు ఊటదిబ్బలను జూచి మా అమ్మ చెప్పులు విడిచి నమస్కరించెను.

మారీలో ఒంటెలవారి మసీదునకు నమూనాగా కట్టిన చిన్న కట్టడమొకటి కలదు. 1866లో థామస్ ఎల్డర్ అను వ్యాపారి కరాచీనుండి నూటికి పైగా ఒంటెలను, వాటిని నడుపువారిని ఓడలో తెప్పించెను. వారిని ఆఫ్ఘనులని పిలిచిరిగాని, పంజాబునుండి, సింధునుండి, బెలూచిస్థానమునుండి వచ్చినవారును వారిలో ననేకులు. ఆ తంతిస్తంభములను, రైలుమార్గపు సామగ్రిని, పశువులశాలలకు పిండిని, చక్కెరను మోసినవి వారి యొంటెలే. ఘాన్ అను రైలుపేరు వారినుండియే వచ్చినదందురు. నేను పిల్లలకు ఈ చరిత్ర నుత్సాహముగా చెప్పుచుండగా మా అమ్మ అడ్డుపడి, "మరి వాళ్ల ఆడవాళ్లు ఎక్కడున్నారురా?" అన్నది.

వారు రాలేదు. పెక్కురు మగవారు కొన్నేండ్ల ఒప్పందముపై ఒంటరిగా వచ్చిరి. 1901 వలసచట్టము తరువాత ఇంటివారిని రప్పించుకొనుట వారికి దుర్ఘటమైనది. కొందరిచ్చటనే ఆదివాసి స్త్రీలను, తెల్లవారి స్త్రీలను వివాహమాడిరి. కొందరు ముసలితనమున మరలిపోయిరి. ఇది చెప్పగా నా భార్య, "అక్కడ బిందెలు ఎవరు నింపివుంటారో" అని, కారెక్కి తాళము త్రిప్పినది.

మారీనుండి అడిలైడుకు ఇంకను సుమారు 690 కిలోమీటర్లు. ఫ్లిండర్సు కొండల ప్రక్కగా, నడుమ నొక రాత్రి యాగి, వచ్చితిమి. ఆ రాత్రి వంట నేను చేసితిని. పప్పు మాడినది. ఎవరును మెచ్చలేదు, ఎవరును నవ్వలేదు; తినిరి.

మా యింటి ప్రవేశము ఇరుకు, ఎత్తు. ట్రైలర్‌ను వెనుకకు నడిపి లోపల పెట్టవలెనన్న చక్రమును ఇటు త్రిప్పిన బండి అటు పోవును. నేను దిగి చేతులూపి దారి చూపబోయితిని. నా భార్య అద్దము దించి, "మీరు కొంచెం పక్కకు జరగండి, అద్దంలో బండి కనబడటంలేదు" అన్నది. మొదటిసారి తప్పినది. రెండవసారి చెత్తడబ్బా తగిలినది. మూడవసారి బండి తిన్నగా లోపలికి పోయి నిలిచినది. ఎఱ్ఱదుమ్ము మెట్లపై రాలెను.

అందరును సామాను దించుచుండగా మా అమ్మ ఆ ఇరువది లీటర్ల డబ్బాను ఈడ్చుకొని కుళాయియొద్దకు పోవుచుండెను. "ఇంటికి వచ్చాంగదమ్మా, ఇప్పుడెందుకు?" అంటిని. ఆమె ఆగలేదు. నేను పోయి ఆమె చేతిలోనిది తీసికొని, నింపి, మూత బిగించి మోసికొనివచ్చితిని. ఇరువది లీటర్లు బరువే.