ఆకలి బాకీ

కొన్నాళ్లు అర్ధాకలితో ఉంచిన పందికి మళ్లీ తొట్టినిండా మేత పోస్తే, అది తోటి పందులకన్నా జోరుగా ఒళ్లు చేస్తుంది. పోగొట్టుకున్నది రాబట్టుకునే ఈ పెరుగుదలను పశువైద్యులు కాంపెన్సేటరీ గ్రోత్ అంటారు.

మేత తగ్గగానే ఒళ్లు తన ఖర్చు తగ్గించుకుంటుంది. శక్తిని బాగా వాడే కాలేయం, పేగులు ముందు చిక్కిపోతాయి. దాంతో ప్రాణం నిలవడానికి తక్కువ మేతే సరిపోతుంది. మేత తిరిగి దొరికాక మొదట తేరుకునేవీ అవే. అందుకే తొలి రోజుల్లో కాటా మీద తూగేదంతా కండ అనుకోకూడదు. అందులో నీరూ, కడుపులోని మేతా చాలానే ఉంటాయి. ఎవరూ నేర్పని ఈ పొదుపు తలుచుకుంటే ఆ మూగజీవి మీద గౌరవం కలుగుతుంది.

కానీ ఆ ఓర్పుకూ హద్దుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీలో జనం ఆకలిని దగ్గరగా చూసినవాళ్లు పోషకాహార శాస్త్రవేత్తలు మెకాన్స్, ఎల్సీ విడోసన్. 1960ల్లో కేంబ్రిడ్జ్‌లో మెకాన్స్ బృందం కొన్ని పందిపిల్లలకు ఊపిరి నిలిచేంత మేతే పెట్టి పెంచింది. ఏడాది నిండేసరికి ఒక్కొక్కటి 5, 6 కిలోలే తూగింది. కడుపునిండా తిన్న పంది ఆ వయసుకు 100 కిలోలు దాటుతుంది. వాటి దవడ ఎదగలేదు. పళ్లు మాత్రం తయారవుతూనే పోయి, చోటు చాలక ఆ చిన్న దవడలో ఇరుక్కుని వంకరపోయాయి. ఆ నోటిని తలుచుకున్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

తర్వాత వాటికి కావలసినంత మేత పెట్టారు. గబగబా పెరిగాయి. అయినా మొదటినుంచీ తిన్న పందులంత కాలేకపోయాయి. ఎలుకల్లోనూ అంతే. పాలు తాగే రోజుల్లో పాలు చాలని పిల్లలు ఆ తర్వాత ఎంత తిన్నా చిన్నవిగానే ఉండిపోయాయి. కాస్త ఎదిగాక పస్తున్నవి చాలామటుకు కోలుకున్నాయి. ఏ వయసుకా ముచ్చట అంటారు పెద్దలు. తిండి విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. ఎదిగిన ఒంటికి పడ్డ ఆకలి బాకీ తీర్చవచ్చు, పసి ఒంటికి పడ్డది పూర్తిగా తీరదు.

మన పిల్లలకైనా కడుపులో పడింది మొదలు రెండేళ్లు నిండేదాకా గడిచే వెయ్యి రోజులే కీలకం. అంగన్‌వాడీలో ఈ నెల అందని గుడ్డూ పాలూ వచ్చే నెల రెండింతలుగా వచ్చినా ఆ లెక్క సరిపోదు. మీ ఊరి కేంద్రానికి సరుకు ఆలస్యమైతే ఊరుకోకండి. వెళ్లి అడగండి, అందేదాకా అడగండి.