ఖర్‌ఖర్

మా అబ్బాకు 73 ఏళ్లు. అందులో 40 ఏళ్లు మైకు సెట్టుతోనే గడిచాయి. నికాలు, వలీమాలు, పీర్ల పండగ, బోనాలు, ఎలక్షన్ మీటింగులు, జాన్‌పహాడ్ ఉర్సు... ఎక్కడ ఆవాజ్ కావాలన్నా యాంప్లిఫయరు, రెండు హారన్లు సైకిల్‌కు కట్టుకుని పోయేవాడు.

ఆ పనిలో అబ్బాకు ఒకటే దుష్మన్. ఖర్‌ఖర్. ఖాజీ సాబ్ ఖుత్బా మొదలుపెట్టగానే ఆవాజ్ కాస్త పెంచుదామని వాల్యూమ్ మీద చెయ్యేస్తే చాలు, హారన్ గరగరమనేది. మెహఫిల్ మొత్తం మా దిక్కు తిరిగి చూసేది. "ఇజ్జత్ పోయేది మిషన్‌ది కాదు బేటా, మనల్ని పిలిచిన ఇంటోళ్లది" అనేవాడు అబ్బా.

వాల్యూమ్ కంట్రోల్ విప్పి చూస్తే లోపల పెద్ద రాజ్ ఏమీ ఉండదు. గుర్రపు నాడా ఆకారంలో నల్లటి కార్బన్ పట్టీ, దాని మీద జారే చిన్న లోహపు వేలు. బయటికి మూడు కాళ్లు: రెండు పట్టీ చివరలవి, నడిమిది ఆ వేలుది. మనం బటన్ తిప్పితే వేలు పట్టీ మీద నడుస్తుంది. దారిలో దుమ్మో, చెమ్మకు పట్టిన మురికో, అరిగిన కార్బన్ పొడో ఉంటే వేలు క్షణం పాటు పట్టు తప్పుతుంది. ఆ చిన్న తడబాటునే యాంప్లిఫయరు పెద్దది చేసి ఊరంతటికీ వినిపిస్తుంది. మిక్సర్ ఫేడర్ కూడా ఇదే, కాకపోతే పట్టీ సీదాగా ఉంటుంది. పైన గాడి తెరిచే ఉంటుంది కాబట్టి దుమ్ము, చాయ్ చుక్కలు, పూల రేకులు అన్నీ అందులోకే.

నేను పదో తరగతిలో ఉండగా, అబ్బా జొహర్ నమాజుకు పోయిన టైములో ఒక ఫేడర్ గరగరమంటోందని అమ్మీ కుట్టుమిషన్ నూనె పోశాను. వెంటనే ఖామోష్ అయింది. నా అంత ఉస్తాద్ లేడనుకున్నాను. రెండు వారాలకు ఆ నూనె దుమ్మునంతా పట్టుకుని బురదయింది. ఒక షాదీలో ఫేడర్ మధ్యలో ఇరుక్కుని, కదిపితే మునుపటికన్నా రెట్టింపు గోల చేసింది. పెళ్లివాళ్లు కిరాయిలో సగం కోశారు. అబ్బా నన్ను కొట్టలేదు. ఆ రాత్రి ఫేడర్ విప్పి, లాంతరు ముందు పెట్టి, బురద చూపించాడు. "దవా పోసే ముందు మర్జ్ ఏందో చూడాలె" అన్నాడు. అంతే.

అబ్బా తరీఖా ఇది. ముందు ప్లగ్గు పీకెయ్. కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచే ఉంటుంది, కాబట్టి సబర్ చెయ్. ఏమీ కొట్టకుండానే కంట్రోల్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా 30 సార్లు తిప్పు. చాలాసార్లు సగం జబ్బు అక్కడే పోతుంది. తర్వాత ప్లాస్టిక్‌ను తినని కాంటాక్ట్ క్లీనర్‌ను కాళ్ల పైనున్న సందులోంచి కొద్దిగా కొట్టి మళ్లీ 30 సార్లు తిప్పు. లేచిన మురికి కడుక్కుపోయేలా ఇంకోసారి కొట్టు. పూర్తిగా ఆరాకే కరెంటు ఇయ్యి. పెట్రోలు, థిన్నర్ హరామ్ అనుకో, ప్లాస్టిక్ కరుగుతుంది. సాండ్ పేపర్ అసలే వద్దు, పట్టీనే పోతుంది. ఫేడర్‌కైతే కడిగాక దానికోసమే దొరికే గ్రీజు రవ్వంత పెట్టాలి, ఎందుకంటే క్లీనర్ మురికితో పాటు నునుపును కూడా కడిగేస్తుంది.

మొన్న రంజాన్‌కు ముందు మొహల్లా మసీదు యాంప్లిఫయరు మా ఇంటికొచ్చింది. వణికే చేతులతో అబ్బా దాన్ని సాఫ్ చేశాడు. స్పీకర్ తగిలించి వాల్యూమ్ తిప్పాడు. "సాఫ్ హో గయా!" అని నవ్వాడు.

సాఫ్ కాలేదు. మొదటి పావు తిప్పు దగ్గర ఖర్‌ఖర్ నాకు ఖుల్లంఖుల్లా వినిపిస్తోంది. అబ్బాకు వినిపించడం లేదు. వయసుతో ముందు పోయేది ఇట్లాంటి సన్నటి, పదునైన శబ్దాలే. ఆపైన 40 ఏళ్లు హారన్ల పక్కన నిలబడిన చెవులు. గల్లీ చివర నుంచే ఏ కంట్రోల్ ఖరాబయిందో చెప్పిన మనిషి నా మొహంలోకి చూస్తున్నాడు. నేను తలూపాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పకపోతే సెహ్రీ టైముకు మొహల్లా అంతా వింటుంది, "బడేమియా పని అయిపోయింది" అంటుంది. అబ్బా పడుకున్నాక చుప్‌కేసే నేనే బాగు చేద్దామని పేచ్‌కస్ కూడా పట్టుకున్నాను. కానీ నా నూనె బురదను అబ్బా నాకు దాచలేదు కదా. ఎదురుగా పెట్టి చూపించాడు.

పొద్దున ఫజర్ అయ్యాక పాత ముల్లు మీటర్ తీశాను. ప్లగ్గు పీకి, మీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి, ఒక వైరు నడిమి కాలికి, ఇంకోటి చివరి కాలికి తగిలించాను. "అబ్బా, జరా ఆహిస్తా ఘుమావ్" అన్నాను. తిప్పాడు. సర్క్యూట్లో ఉండగా లెక్క సరిగా రాకపోవచ్చు గానీ ముల్లు ఎగరడం మాత్రం దాగదు. మెల్లగా నడుస్తున్న ముల్లు ఒకచోట ధబ్‌మని వెనక్కి పడి మళ్లీ లేచింది. అబ్బా వెనక్కి తిప్పాడు. మళ్లీ అదే చోట. కడిగినా అదే చోట ఎగిరితే అది మురికి కాదు, పట్టీ అరిగిపోయినట్టు. దానికి దవా లేదు, మార్చాల్సిందే.

అబ్బా చాలాసేపు ముల్లునే చూశాడు. "కబ్ సే?" అన్నాడు. కంట్రోల్ గురించి కాదని నాకు తెలుసు.

"థోడే దిన్ సే, అబ్బా."

తర్వాత పాత కంట్రోల్ ఊడదీసి దాని వెనక నంబర్ నాతో చదివించాడు. ఏ 100కె. "బీ తేవద్దు, యాద్ రఖ్" అన్నాడు. మన దగ్గర దొరికే వాటిలో ఏ అంటే మన చెవి వినే తీరుకు తగ్గట్టు ఆవాజ్ పెరిగేది, బీ అంటే ఒకే లెక్కన పెరిగేది. వాల్యూమ్‌కు బీ వేస్తే కొంచెం తిప్పగానే ఆవాజ్ అంతా మీద పడుతుంది. పాతదాన్ని జేబులో వేసుకుని బస్సెక్కి, కోఠి గుజరాతీ గల్లీలో వెతికి తెచ్చాను. అబ్బా వైర్లు పట్టుకున్నాడు, నేను టాంకా వేశాను.

సెహ్రీకి ఆవాజ్ సాఫ్‌గా వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో ముల్లు అబ్బాది, చెవి నాది. వచ్చే సోమవారం చెవుల డాక్టర్ దగ్గరికి పోదామన్నాను. "చెవిలో ఇంకో యాంప్లిఫయరా? దాని వాల్యూమ్ ఖర్‌ఖర్‌మంటే?" అన్నాడు. ఇంకా పూర్తిగా రాజీ కాలేదు.