రోహిణి కార్తెలో డాబా

రోహిణి ఎండలు మాడ్చేస్తున్నప్పుడు వాన సంగతి ఎవరికీ పట్టదు. నాకు మాత్రం అప్పుడే డాబా గుర్తొస్తుంది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె, ఆ వెనకే నైరుతి. ఈలోగా చేసిందే పని.

గోదావరి పల్లెల్లో నాటు పెంకుటిళ్లకు వేసవి వస్తే పెంకు తిరగవేయించేవారు. కోతులు కదిపినవి సర్ది, పగిలినవి మార్చి, వాసాలకు చెద పట్టిందేమో తట్టి చూసేవారు. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక, ఒకదానికొకటి గాడి పడే పెంకులొచ్చి ఆ చాకిరీ తగ్గింది. డాబాలతో అలవాటే పోయింది. సిమెంటు కప్పుకు ఏ సేవా అక్కర్లేదనుకోవడం నాకు బాధగా ఉంటుంది.

తూము దగ్గర కూర్చుని చూడండి: ఎండిన వేపాకులు, పావురాల ఈకలు, గాలిపటం దారం. అది పూడితే నీళ్లు నిలుస్తాయి. నిలిచిన నీరు నెర్రెల్లోంచి దిగి ఇనుప ఊచలను పట్టుకుంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. కింద గదిలో పెచ్చులు రాలేది అందుకే. పిట్టగోడ కప్పుతో కలిసే మూల మరీ ముఖ్యం, బీట ముందు అక్కడే పుడుతుంది.

బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే వాలు తెలిసిపోతుంది. నెర్రెలు పూడ్చడం మాత్రం పొద్దు వాలాకే. మిట్టమధ్యాహ్నం వేసిన సిమెంటు తడారిపోయి మళ్లీ బీటలిస్తుంది. పూడ్చాక తడి గోనెపట్టా కప్పి, వారం పాటు ఆరనివ్వకూడదు.