పచ్చలైటు వెలిగింది, సరే!

మొన్నామధ్య మా తడ దగ్గరి ఉబ్బలమడుగు జలపాతం మీద ఓ టపా రాశా. దారి, జారే రాళ్ళు, మడుగులో ఎందుకు దిగకూడదో... అన్నీ రాశా. సెర్చి ప్లగిన్‌లో మాత్రం ఎర్రలైటే. కీవర్డు చాలలేదుట! 'తడలో', 'తడకి' అని రాస్తే లెక్కలోకి రావట. విభక్తుల సంగతి దానికేం తెలుసు పాపం. సరేనని వాక్యానికో 'తడ' ఇరికించా. పచ్చలైటు వెలిగింది. మా బావ చదివి "ఏం బావా, తడ తడ అని ఇంతలా తడబడ్డావ్?" అన్నాడు :)

ప్లగిన్‌ని తిట్టడం లేదండోయ్. టైటిలూ, వివరణా రాసుకోడానికి చోటిస్తుంది, సైట్‌మ్యాపు చేసిపెడుతుంది (అదైతే 2020లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి ప్లగిన్ లేకున్నా వస్తుంది). కానీ ఆ పచ్చలైటు గూగుల్ వేసిన మార్కు కాదు, ప్లగిన్ సొంత లెక్క. కీవర్డ్స్ మెటా ట్యాగునైతే ర్యాంకింగు కోసం చూడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

అసలు తప్పు నాదే. మా ఆఫీసులో అందరూ అనేది 'తడ ఫాల్స్' అని. నా టపాలో ఆ మాట ఒక్కసారీ లేదు. పోయిన ఆదివారం మా టీమ్‌లో ఒకడు అక్కడ జారిపడి మోకాలు చెక్కించుకొచ్చాడు. "వెతికా, నీ టపా ఎక్కడా కనపడలేదే" అన్నాడు.

ఆ రాత్రే శీర్షిక మార్చి, ఇరికించిన తడలన్నీ పీకేశా. లైటు మళ్ళీ ఎర్రగానే ఉంది.