ఫ్రేములో ఊరుందా?

ఫొటో బాగుందో లేదో తేల్చడానికి చాలామంది దగ్గర ఒక రెడీమేడ్ కొలబద్ద ఉంటుంది. ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైన అంశం ఆ గీతలు కలిసేచోట ఉందా అని చూడడం. ఈ 'మూడో వంతు' సూత్రం కెమెరా కంటే పాతది. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు ప్రకృతి దృశ్యాల గురించి రాస్తూ చెప్పిన మాట. కంటికి ఇంపు కోసం ఇప్పటికీ పనికొస్తుంది. కానీ బస్తర్‌లోని భేజ్జి ఫొటోల దగ్గరికొచ్చేసరికి ఆ కొలబద్ద నాకు చాలదు.

భేజ్జి ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఊరు. 2017 మార్చి 11న అక్కడికి సమీపంలో, రోడ్డు పనులకు భద్రతగా వెళ్లిన 12 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను మావోయిస్టులు చంపారు. 2024 నవంబర్ 22న భేజ్జి ప్రాంతంలోనే ఎదురుకాల్పుల్లో 10 మంది మావోయిస్టులు చనిపోయారు. ఇలాంటి ఘటనల తర్వాత ఏ ఫొటోలు వస్తాయో మనకు కంఠతా వచ్చు. జెండాలు కప్పిన శవపేటికల వరుస. లేదంటే నేల మీద పేర్చిన తుపాకుల వరుస, వెనక నిలబడిన పోలీసులు. గీతలు తిన్నగా ఉంటాయి, కొలతలు కుదురుతాయి. క్యాప్షన్ తీసేస్తే మాత్రం అది ఏ ఊరో చెప్పే చెట్టు గానీ మనిషి గానీ కనిపించదు.

అంతమాత్రాన ఊరంతా ఫ్రేములో పట్టాలని కాదు. 1984లో భోపాల్‌లో రఘు రాయ్ తీసిన ఫొటోలో పూడ్చిపెడుతున్న పసిబిడ్డ మొహం, దానిమీద మట్టిని తుడుస్తున్న చెయ్యి తప్ప మరేమీ లేవు. ఫ్యాక్టరీ లేదు, ఏడ్చేవాళ్లు లేరు. అయినా ఏ లోటూ తెలియదు. అక్కడ వదిలేసినవన్నీ ఆ మొహాన్ని చూపించడానికే వదిలేశారు.

ఓ మిత్రుడు భేజ్జి దారిలో తీసిన ఫొటో ఒకటి నా దగ్గరుంది. కుడి అంచున ఇప్పపూల బుట్టతో ఒకావిడ. మధ్యలో కంకర కుప్ప. ఎడమవైపు వీపు తిప్పి నిలబడిన జవాను. నేల కాస్త ఏటవాలుగా వచ్చింది. ఆవిడ తలలోంచి కరెంటు స్తంభం మొలిచినట్టుంది. చూసినవాళ్లంతా ఒకే సలహా ఇచ్చారు: "క్రాప్ చేయండి". ఆవిడను తీసేస్తే అది భద్రత గురించిన వార్తా చిత్రం. జవానును తీసేస్తే క్యాలెండర్‌కు సరిపోయే గిరిజన సౌందర్యం. రెండూ అందంగానే ఉంటాయి. కానీ ఒకే రోడ్డు మీద, ఒకరినొకరు చూసుకోకుండా ఉన్న ఆ ఇద్దరి మధ్య దూరమే కదా అసలు ఫొటో!

స్తంభం లోపమే, కాదనను. ఫొటోగ్రాఫర్ ఒక్క అడుగు పక్కకు వేసి ఉంటే అది తప్పేది. ఏటవాలును కంప్యూటర్‌లో సరిచేయొచ్చు. కానీ కోసి పారేసిన మనిషిని పాఠకుడు ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు? అందుకే ఫొటో చూడగానే నా కళ్లు ముందు అంచుల మీదికి పోతాయి. అక్కడ ఎవరిని ఉంచారు, ఎవరిని తీసేశారన్నది తేలాకే గీతల సంగతి.